‘లాగట్నేదు మేస్త్రీ’: టీకా తాత్పర్య సహితం

అవతారిక

విశాఖ నుంచి అరకు వెళ్లే దారిలో శృంగవరపుకోట దాటాక, కొండలింకా దూరాన నీలంగా కనిపిస్తుండగానే, రోడ్డు వారన ఒక రేకుల షెడ్డు. నేల నిండా పాత ఇంజనాయిలు మరకలు, ఓ మూల అరిగిన టైర్లు, మధ్యలో బానెట్ ఎత్తిన కారు. ఈ వ్యాఖ్యకు ఆధారమైన చతుష్పది అక్కడ పుట్టింది. కర్త పేరు తెలియదు. ఇంటిల్లిపాదినీ ఎక్కించుకొని అరకు బయలుదేరి, కాశీపట్నం దాటి ఘాట్ మొదలవగానే బండి మొరాయిస్తే వెనక్కి తిప్పుకొని వచ్చిన గృహస్థుగా ఊహించుకోవాలి. శ్రోత మేస్త్రి. రసం కరుణ. స్థాయీభావం శోకమా, ఖర్చు భయమా అన్నదానిలో ఆలంకారికులకు ఏకాభిప్రాయం లేదు.

మెదక్ సీమలోని కొల్చారం పేరు ఇంటిపేరుగా గల కోలాచలం మల్లినాథసూరి, భారవి కిరాతార్జునీయానికి తాను రాసిన వ్యాఖ్యకు ఘంటాపథమని పేరు పెట్టుకున్నాడు. ఘంటాపథమంటే రాజమార్గం. ఏనుగులు బారులు తీరి నడవగల వెడల్పాటి బాట. ఈ వ్యాఖ్యాత నడిచేది ఘాట్ రోడ్డు. మలుపులుంటాయి, ఒకచోట ఆగి ఊపిరి పీల్చుకోవడమూ ఉంటుంది. మూలానికి కట్టుబడి ఉండాలన్న ఆ మహావ్యాఖ్యాత నియమాన్ని పాటిస్తాం. అక్కర్లేనిది చెప్పకుండా ఉండటం మాత్రం కార్ల విషయంలో మానవమాత్రులకు సాధ్యం కాదు.

మూలం

సాపునేల మీద బాగానే ఎల్తంది మేస్త్రీ,
ఘాటెక్కీసరికి లాగట్నేదు;
ఎంత తొక్కినా సౌండే గాని బండి కదల్దు;
మొన్ననే సర్వీసింగయింది కూడాను.

పాఠాంతరాలు

రెండో పాదం చివర ‘లాగట్నేదు’ అన్నది ఉత్తరాంధ్ర ప్రతుల పాఠం. తెలంగాణ ప్రతుల్లో ‘గుంజుతలేదు’ అని ఉంది, అర్థభేదం లేదు. కృష్ణా, గుంటూరు ప్రతుల్లో కనిపించే ‘పికప్ రావట్లేదు’ అన్న పాఠాన్ని మాత్రం గ్రహించకూడదు. పికప్ లేకపోవడం సిగ్నల్ దగ్గర పచ్చలైటు పడ్డప్పుడు తెలిసే జబ్బు, లాగకపోవడం బరువు మీద పడ్డప్పుడు తెలిసే జబ్బు. రెండింటినీ ఒకటే అనుకొని చేసిన వైద్యం వల్ల ఎన్ని జేబులు చిల్లుపడ్డాయో. డాలస్ నుంచి వచ్చిన ఒక ప్రతిలో ‘హిల్స్ మీద పవర్ లాస్’ అని ఉంది. డాలస్ నేల బల్లపరుపు కాబట్టి అది ప్రక్షిప్తం.

ఛందస్సు విషయం ఒక్క మాటలో. ఈ పద్యంలో గతిభంగం ఉంది. కథావస్తువే అది కనుక దోషం కాదు.

దండాన్వయం

మేస్త్రీ! (బండి) సాపునేల మీద బాగానే ఎల్తంది, (బండి) ఘాటెక్కీసరికి లాగట్నేదు, ఎంత తొక్కినా సౌండే గాని బండి కదల్దు, మొన్ననే సర్వీసింగు కూడా అయింది, అని అన్వయం. మొదటి రెండు పాదాల్లో కర్తృపదం లేదు. మూడో పాదం నుంచి తెచ్చుకోవాలి. కారు గురించి తప్ప లోకంలో మరో మాట ఉండదన్న కర్త మనఃస్థితి దీనివల్ల తెలుస్తుంది.

ప్రతిపదార్థం

మేస్త్రీ = ఓ మెకానిక్కా; సాపునేల మీద = ఎత్తుపల్లాలు లేని రోడ్డున; బాగానే = ఫిర్యాదు చేయదగినంత లోపం లేకుండా; ఎల్తంది = పోవుచున్నది; ఘాట్ = కొండదారిని; ఎక్కీసరికి = ఎక్కుటకు మొదలుపెట్టగానే; లాగట్నేదు = బరువును పైకి ఈడ్చుటలేదు; ఎంత = పాదము అడుగంటునంతగా; తొక్కినా = యాక్సిలరేటరును అదిమినప్పటికిని; సౌండే గాని = చప్పుడు మాత్రమే కలిగి; బండి = వాహనము; కదల్దు = ముందుకు సాగదు; మొన్ననే = ఇటీవలనే; సర్వీసింగ్ = డబ్బిచ్చి చేయించిన మరమ్మతు; అయింది = జరిగినది; కూడాను = అయినను ఇట్లేల జరిగినదని.

తాత్పర్యం

ఓ మేస్త్రీ! నా కారు చదును రోడ్డు మీద చక్కగా పోతోంది గాని కొండ ఎక్కమంటే ఎక్కడం లేదు. ఎంత తొక్కినా మోతే తప్ప కదలిక లేదు. ఇటీవలే సర్వీసింగ్ చేయించాను. బాగుచెయ్యి, తక్కువలో బాగుచెయ్యి అని ధ్వని.

విశేషాలు

మొదటి పాదం. దీన్ని పాదపూరణం కింద తోసెయ్యడం అలవాటు. వినే మేస్త్రి కూడా “సరే, తర్వాత చెప్పండి” అంటాడు. కానీ అనుమానితుల్లో సగంమందిని విడిచిపెట్టే పాదం ఇదే. స్టార్టింగ్ బాగుంది, నిలకడగా ఆడుతోంది, చదును మీద నడుస్తోంది అంటే బ్యాటరీ, స్టార్టర్, గేర్‌బాక్స్ పళ్లు విచారణ నుంచి తప్పుకున్నట్టే. మిగిలినవి బరువు పడితే తప్ప బయటపడని దోషాలు.

బరువంటే ఎంతో చూద్దాం. బండి, ఐదుగురు మనుషులు, సామాను కలిపి 1400 కిలోలు అనుకుందాం. చదును రోడ్డు మీద గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోవాలంటే టైర్ల రాపిడినీ గాలి ఎదురునూ గెలిస్తే చాలు. మూడు నాలుగు హార్స్‌పవర్‌తో పని జరిగిపోతుంది. వంద మీటర్లు పోతే ఆరు మీటర్లు పైకి లేచే ఘాట్ రోడ్డును అదే వేగంతో ఎక్కాలంటే, ఆ 1400 కిలోలను ఎత్తడానికే అదనంగా మరో 12 హార్స్‌పవర్ కావాలి. మొత్తం మీద నాలుగైదు రెట్లు. కాబట్టి పావు బలంతో బతుకుతున్న ఇంజన్ కూడా విజయనగరం బజార్లో ఆరోగ్యవంతంగానే తిరుగుతుంది.

“మాది 75 హార్స్‌పవర్ బండి కదా, 16 ఇవ్వలేదా?” అని శంక. ఆ 75 కాగితం మీది లెక్క, చిన్న డీజిల్ ఇంజన్ నిమిషానికి 4000 చుట్లు తిరుగుతున్నప్పటి మాట. హెయిర్‌పిన్ మలుపు తిరిగేసరికి చుట్లు 1500కు పడిపోతాయి. అక్కడ మూడో వంతు దొరికితే గొప్ప, టర్బో గాలి అందకపోతే అందులోనూ కోత. మలుపులో వేగం పోగొట్టుకున్న బండి దాన్ని మళ్లీ కూడగట్టుకోవాలి కనుక అదొక అదనపు అప్పు. కొండదారిలో ఎదురెదురు పడినప్పుడు దిగే బండి ఎక్కే బండికి దారి ఇవ్వాలన్న రహదారి నియమం వెనక ఉన్న దయ కూడా ఇదే. ఒకసారి ఆగిన బండిని వాలు మీద మళ్లీ కదిలించడం ఎంత కష్టమో ఆ నియమం రాసినవాళ్లకు తెలుసు.

రెండో పాదం. ‘ఘాటెక్కీసరికి’ అన్న మాట మీద పూర్వపక్షులు చాలామంది పోగయ్యారు. వాళ్లలో మొదటివాడు కర్త బావమరిది. దోషం ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలుదని అతని వాదం. లీటరుకు లీటరు తూస్తే ఇథనాల్‌లో పెట్రోలు కంటే సుమారు మూడో వంతు శక్తి తక్కువ. కాబట్టి ఇరవై శాతం కలిస్తే లీటరులో శక్తి ఆరేడు శాతం తగ్గడం నిజమే, మైలేజీలో అది కనబడుతుంది. పాత ట్యాంకుల్లో అడుగంటిన మురికిని కదిలించి ఫిల్టర్‌లోకి తెస్తుందనడంలోనూ పస ఉంది. ఇంతా చెప్పాక మేస్త్రి నెమ్మదిగా “ఇది డీజిల్ బండి బాబూ” అన్నాడు. బావమరిది వాదం మార్చుకోలేదు.

రెండోవాడు ఎత్తును పట్టుకున్నాడు. పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది, ఇంజన్‌కు ఊపిరి ఆడదు అని. శాస్త్రం ప్రకారం సరే. టర్బో లేని ఇంజన్ ప్రతి వెయ్యి మీటర్లకు దాదాపు పదో వంతు బలం కోల్పోతుంది. లడఖ్‌లో 5000 మీటర్లు దాటిన కనుమల దగ్గర బలం సగానికి దగ్గర పడుతుంది. అరకు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్లు. అక్కడిదాకా చేరితే కదా పదో వంతు పోవడం! మన కర్త కొండ పాదం దగ్గరే ఆగాడు. పైగా బండికి టర్బో ఉంది. పలచని గాలిని కూడా నొక్కి లోపలికి తోయడమే దాని ఉద్యోగం. మూలంలో టర్బో మాట లేదే అంటారా? బానెట్ ఎత్తి ఉంది, ప్రత్యక్షమే ప్రమాణం.

బరువెక్కువైందని మూడోవాడు అన్నాడు. అనంతగిరి పనసకాయలు, కాఫీ పొడి డిక్కీలోకి ఎక్కేది తిరుగు ప్రయాణంలో, దిగేటప్పుడు. ఆ వాదం అంతటితో సరి.

నాలుగో వాదానికి మాత్రం మర్యాద ఇవ్వాలి. దోషం బండిది కాదు, తోలేవాడిది అని. నాలుగో గేర్‌లో 1200 చుట్ల దగ్గర ఇంజన్ వణుకుతుంటే గేర్ తగ్గించకుండా ఇంకా ఇంకా తొక్కేవాళ్లున్నారు. గేర్ తగ్గించడం పరువు తక్కువనుకునే వాళ్లలో చదువుకున్నవాళ్లే ఎక్కువని నా అనుమానం. తిరుమల రెండో ఘాట్‌లోనూ శ్రీశైలం దారిలోనూ ‘చెడిపోయిన’ కార్లలో ఇటువంటివి తక్కువేమీ కావు. మేస్త్రి మొదట అడిగింది కూడా ఇదే. “ఏ గేర్లో ఎక్కారు బాబూ?” కర్త “సెకండ్‌లోనే” అన్నాడు. పూర్వపక్షం వీగిపోయింది.

మూడో పాదం. ‘ఎంత తొక్కినా బండి కదల్దు’ అన్నచోట విశేషోక్తి అలంకారం. కారణాలన్నీ ఉండి కూడా కార్యం పుట్టకపోతే అది విశేషోక్తి. డీజిలుంది, తొక్కే కాలుంది, తిరిగే ఇంజనుంది, చలనం మాత్రం లేదు. కవులకు ఇది చమత్కారం. మేస్త్రి మాత్రం ఆ అలంకారాన్ని ఒప్పుకోడు. కార్యం పుట్టలేదంటే ఎక్కడో ఒక కారణం సగమే ఉంది, ఆ సగం ఏదో పట్టుకుంటే బిల్లు రాయొచ్చు అని అతని శాస్త్రం. కాలు తొక్కుతోంది నిజమే, పెడల్ అడుగుదాకా వెళ్తోందా అని అతను వంగి చూశాడు. రబ్బరు మ్యాటు ముడతపడి పెడల్ కింద చేరి, పూర్తి బలం అడిగినప్పుడు ఇంజన్‌కు ముప్పావే అందుతున్న బండ్లను అతను చూశాడట. ఇక్కడ మ్యాటు నిర్దోషి.

ఇక పద్యమంతటికీ ఆయువుపట్టు ‘సౌండే గాని’ అన్న పదం. తర్కంలో శబ్దం ఒక ప్రమాణం. ఆప్తుడి మాట అని అక్కడ అర్థం. షెడ్డులో ఆ మాటకు చెవికి వినబడేదే అర్థం, కానీ ప్రమాణత్వం తగ్గలేదు. “సౌండంటే ఏ సౌండు బాబూ?” అని మేస్త్రి అడిగాడు. ఈ ఒక్క ప్రశ్న అడగకుండా పానా చేతిలోకి తీసుకున్నవాడి దగ్గరికి బండి తీసుకెళ్లకూడదని నా మతం.

ఎందుకంటే ఆ ఒక్క పదానికి వేర్వేరు అర్థాలున్నాయి, ఒక్కో అర్థానికి ఒక్కో బిల్లు. తొక్కగానే మోత పెరిగి, ముల్లు మూడు వేలు దాటి, బండి వేగం మాత్రం ఉన్నచోటే ఉంటే ఇంజన్ బాగుందనే లెక్క. దాని బలం చక్రాల దాకా చేరడం లేదు. క్లచ్ జారుతోంది. మాడు వాసన కూడా వస్తే ఇక సందేహమే అక్కర్లేదు. ఘాట్‌లో ట్రాఫిక్ ఆగినప్పుడు హ్యాండ్ బ్రేక్ వెయ్యకుండా హాఫ్ క్లచ్ మీద బండిని నిలబెట్టేవాళ్లకు ఇది దక్కే ఫలం. పరీక్ష సులువు. చదును మీద, ఎదర ఎవరూ లేనిచోట, హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగి, మూడో గేర్ వేసి, మెల్లగా క్లచ్ వదలాలి. ఇంజన్ ఉక్కిరిబిక్కిరై ఆగిపోతే క్లచ్ బతికే ఉంది. ఆగకుండా ఆడుతూనే ఉంటే ప్లేటు అరిగింది. మేస్త్రి చేసి చూశాడు. ఇంజన్ ఠక్కున ఆగింది.

అలా కాక, ముల్లే పైకి లేవకుండా ఇంజన్ నీరసంగా మూలిగితే జబ్బు ఇంజన్‌లోనో, దానికి అందే గాలిలోనో, ఇంధనంలోనో ఉన్నట్టు. ఇక్కడ పెట్రోలు బండికీ డీజిలు బండికీ దారులు చీలతాయి. పెట్రోలు బండి అయితే ముందు మిస్సింగ్ కొడుతోందా అని వినాలి. బలంగా తొక్కినప్పుడు సిలిండర్‌లో ఒత్తిడి పెరుగుతుంది. ఒత్తిడి పెరిగినచోట ప్లగ్గు నిప్పురవ్వ దూకడానికి ఎక్కువ వోల్టేజి కావాలి. కాయిల్ బలహీనపడితే, ప్లగ్గు అరిగితే చదును మీద ఎలాగో దూకే రవ్వ కొండ మీద దూకదు. ఒక సిలిండర్ సెలవు పెట్టేస్తుంది. ‘సాపునేల మీద బాగానే’ అన్న మొదటి పాదానికి ఇదీ ఒక సమర్థనే.

డీజిలు బండిలో ఆ స్థానం ఫిల్టర్‌ది. చిక్కటి మజ్జిగను సన్నగుడ్డలో వడగట్టడం చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. సన్నధారగా పోస్తే దిగుతుంది, గుమ్మరిస్తే పైనే నిలిచిపోతుంది. చదును మీద ఇంజన్ అడిగేది సన్నధార. ఘాట్‌లో గుమ్మరించమంటుంది, సగం పూడిన ఫిల్టర్ ఇవ్వలేదు. దీనికో గుర్తుంది. ఫిల్టర్ దోషమైతే బండి మొదటి కొద్ది నిమిషాలు బాగానే ఎక్కి, తర్వాత మెల్లమెల్లగా చచ్చుబడుతుంది, పక్కన కాసేపు ఆపితే మళ్లీ కొంత ఎక్కుతుంది. ట్యాంకు గాలి రంధ్రం పూడినా ఇదే వరస. అప్పుడు మూత తిప్పగానే బుస్సుమని గాలి లోపలికి పోతుంది, ఆ బుసే సాక్ష్యం. కర్త బండి కొద్ది నిమిషాలు కూడా ఆగలేదు. మొదటి వాలు మీద కాలు అదమగానే చచ్చుబడింది. కనుక ఫిల్టర్‌కు విడుదల. అయినా మేస్త్రి కింది స్క్రూ వదిలి గ్లాసులోకి పట్టి నీళ్లున్నాయేమో చూశాడు. విడుదలైన వాణ్ణి ఇంకోసారి ఎగాదిగా చూడటం పోలీసులకే కాదు, మేస్త్రీలకూ అలవాటు.

సైలెన్సర్‌లో అడ్డు, కేటలిటిక్ కన్వర్టర్ పూడిక, బ్రేకులు పట్టేసి చక్రం వేడెక్కడం, ఇంజన్ హీటెక్కితే కంప్యూటరే బలం తగ్గించడం, 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 డీజిళ్లలో మసి వడపోత నిండిపోవడం, వీటిని గ్రంథవిస్తర భీతితో పేర్లు చెప్పి వదులుతున్నాం. బోరుకొచ్చిందన్న మాట మాత్రం చిట్టచివర వినాలి. దాన్ని మొట్టమొదట పలికినవాడికి మీ బండి మీద కంటే ఇంజన్ దించడం మీద ప్రేమ ఎక్కువ.

సౌండు దగ్గరికి మళ్లీ వద్దాం. కర్త కాస్త ఆలోచించి, పెదాలు సున్నా చుట్టి, “సుయ్యిమంతంది మేస్త్రీ. తొక్కినప్పుడే. కాలు తీస్తే ఆగిపోతంది” అన్నాడు. మేస్త్రి ముఖం వెలిగింది. వ్యాఖ్యాత ముఖం కూడా.

పొగ గురించి. తర్కం చదివినవాళ్లు మొదటిరోజే నేర్చుకునే ఉదాహరణ, కొండ మీద పొగ కనిపిస్తే నిప్పుందని ఊహించడం. తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు మన తెలుగువాడే. ఆయన కాలానికి కొండ మీద పొగంటే వంటచెరకో, కార్చిచ్చో. ఇప్పుడు సైలెన్సర్ కూడా చేరింది కాబట్టి అనుమాన ప్రమాణానికి రంగులు కలపాల్సి వచ్చింది. నీలిపొగ అయితే ఇంజనాయిలు కాలుతోంది. తెల్లపొగ ఆగకుండా వస్తే కూలెంట్ నీళ్లు లోపలికి చేరుతున్నాయి, లేదా డీజిలు కాలకుండా బయటపడుతోంది. నల్లపొగ అయితే డీజిలు పడుతోంది గాని దానికి సరిపడా గాలి లేదు. “వెనకొచ్చినోళ్లు హారను కొట్టి తిట్టారు, నల్లగా ఒగ్గేస్తన్నావని” అని కర్త భార్య చెప్పింది. మూలంలో లేని ఈ ఐదో పాదం ఆమెది. అసలు పద్యం ఆమె చేతే చెప్పించి ఉంటే ఇంత వ్యాఖ్య అవసరపడేది కాదు.

మీమాంసకులు అర్థాపత్తి అనే ప్రమాణం చెబుతారు. లావుగా ఉన్న దేవదత్తుడు పగలు తినడంటే రాత్రి తింటున్నాడని తేల్చడం. ఇక్కడ డీజిలు పడుతోంది, నల్లపొగ వస్తోంది, టర్బో తిరుగుతోంది, బలం లేదు. నొక్కిన గాలి ఇంజన్‌లోకి చేరకుండా దారిలో ఎక్కడో బయటపడుతోందని తేలుతుంది. సుయ్యిమన్నది ఆ గాలే.

నాలుగో పాదం. ‘మొన్ననే సర్వీసింగయింది కూడాను.’ కర్త దీన్ని తన నిర్దోషిత్వానికి సాక్ష్యంగా చెప్పాడు. ‘కూడాను’లోని దీర్ఘంలో ఆ బాధంతా ఉంది. మేస్త్రికి అదే నేరం జరిగిన చోటి చిరునామా. జబ్బు లేని బండికి సర్వీసింగ్ తర్వాత జబ్బొచ్చిందంటే సర్వీసింగ్‌లో చెయ్యి పడ్డచోటే చూడాలి. “ఏటేటి మార్చారు?” అని అడిగాడు. ఇంజనాయిలు, ఎయిర్ ఫిల్టర్. ఎయిర్ ఫిల్టర్ మార్చాలంటే పెట్టె మూత విప్పాలి, చుట్టుపక్కల పైపులు అటూ ఇటూ జరపాలి.

ఇక్కడ ఆధునిక పూర్వపక్షం ఒకటి ఉంది. సర్వీసింగ్ చేసినచోటికి కర్త అప్పటికే ఫోన్ చేశాడు. వాళ్లు స్కానింగ్ పెట్టించుకోమని, టర్బో పోయి ఉండొచ్చని, మార్చాల్సి వస్తుందని చెప్పారట. స్కానింగ్‌ను తీసిపారెయ్యకూడదు. ఇటువంటి బండికి పెడితే బహుశా పి0299 అని కోడ్ చూపిస్తుంది. టర్బో ఒత్తిడి ఉండవలసినంత లేదని దాని అర్థం. అది నిజమే. కానీ టర్బో అరిగినా అదే కోడ్, దాని రెక్కలు మసి పట్టి బిగుసుకున్నా అదే కోడ్, దాన్ని నడిపే సన్నటి రబ్బరు గొట్టం చిట్లినా, గాలి పైపు ఊడినా అదే కోడ్. యంత్రం ప్రతిపదార్థం రాసి ఊరుకుంది. దాన్నే తాత్పర్యమనుకున్నవాడు వేలకు వేలు పోసి కొత్త టర్బో బిగించి, పాత చిల్లుగుండానే మళ్లీ గాలి వదులుతాడు. హేత్వాభాసమని తార్కికులు పేరు పెట్టింది ఇటువంటి హేతువుకే. ఉన్నది నిజమే, ఎత్తి చూపేది మాత్రం ఒక్క దోషాన్ని కాదు. ఆ ఫోన్‌లో ఎవరూ ‘ఏ సౌండు?’ అని అడగలేదు.

“మరి షెడ్డులో ఇంజన్ ఆడిస్తుంటే సుయ్యిమనడం లేదే?” అన్నది చివరి శంక. ఖాళీగా ఆడే ఇంజన్‌కు టర్బో గాలిని పెద్దగా నొక్కదు. నొక్కని గాలి వదులు జాయింట్‌లో నుంచి మోత చెయ్యదు. బరువు పడాలి, కాలు అదమాలి, టర్బో మేలుకోవాలి, అప్పుడు గాని చిల్లు నోరు విప్పదు. అందుకే ఈ రోగాలు షెడ్డులో దాక్కుంటాయి. అందుకే కర్తను మాట్లాడించాల్సి వచ్చింది.

మేస్త్రి టార్చి వేసి టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు పోయే లావుపాటి హోస్ వెంట వేలు నడిపాడు. టర్బో గాలిలో సన్నటి ఆయిలు తుంపర కలిసి ఉంటుంది. ఎక్కడ గాలి కారుతుందో అక్కడ జిడ్డు, దాని మీద దుమ్ము, నల్లటి మచ్చ. జాయింట్ దగ్గర మచ్చ దొరికింది. హోస్ క్లిప్ ఉంది, ఉండాల్సిన చోట లేదు. పైపు అంచు దాటి జారి, రబ్బరును పట్టీ పట్టనట్టు పట్టుకుని ఉంది. ఇంజన్ చల్లారేదాకా ఆగి, హోస్‌ను తుడిచి, చిట్లలేదని వేళ్లతో వంచి చూసి, లోపలికి తోసి, క్లిప్ సర్ది, స్క్రూ డ్రైవర్‌తో బిగించాడు. పిల్లలు అప్పటికి రెండో బిస్కెట్ ప్యాకెట్ విప్పారు.

బిగించడంతో సిద్ధాంతం స్థిరపడదు. పరీక్ష అదే వాలు మీద, అదే బరువుతో, అదే గేర్‌లో జరగాలి. ఖాళీ బండిని చదును మీద ఓ చుట్టు తిప్పి తెచ్చి ‘సూపర్’ అనే మేస్త్రీలున్నారు, ఈయన ఆ సంప్రదాయం వాడు కాదు. అందరినీ ఎక్కించి, ఏసీ వేయించి, తాను కర్త పక్కన కూర్చుని ఘాట్‌లోకి తీసుకెళ్లాడు. మొదటి వాలు మీద సెకండ్ నుంచి థర్డ్ వేయించాడు. వెనక అద్దంలో పొగ లేదు. సుయ్యి లేదు. రెండు మలుపులు ఎక్కాక విశాలమైనచోట వెనక్కి తిప్పించి, షెడ్డు దగ్గర దిగి, క్లిప్‌ను మళ్లీ తడిమి చూసి, “అరకు నుంచి వచ్చీటప్పుడు ఓసారి ఆగండి. రబ్బరు పాతది, మళ్లీ జారితే హోసే మార్చాల” అన్నాడు.

కర్త జేబులో చెయ్యి పెట్టి “ఎంతివ్వమంటావు మేస్త్రీ?” అన్నాడు.

“మీ ఇష్టం బాబూ” అన్నాడు మేస్త్రి, చేతులు తుడుచుకుంటూ.

ఈ వాక్యానికి పూర్వ వ్యాఖ్యాతలెవరూ టీక రాయలేదు. కర్త నోటు బయటికి తీసి, భార్య వంక చూసి, లోపల పెట్టి, ఇంకో నోటు తీసి, మళ్లీ మేస్త్రి వంక చూశాడు.